నీలం తలుపు ఫోటో

పార్సిల్ అందింది అంటోంది ఫోను.
సంతకం కూడా అయిపోయిందట.
గుమ్మడి పిందెంత మోటారు,
నా మోకాలి బదులు మిషను తిప్పాల్సింది.
పదిహేడు రోజులైంది.
పెళ్ళిళ్ళ రోజులు.
మేకుకి పదకొండు జాకెట్లు
చేతుల్లేకుండా వేలాడుతున్నాయి.

కస్టమర్ కేర్‌లో తెలుగుకి రెండు నొక్కాను.
ఏ రాష్ట్రమండీ అందో తేనె గొంతు.
ఒడిశా అంటే ఒడియా అబ్బాయికిచ్చింది.
అతను నా ఇంటిపేరు విని
హిందీలోకి మారిపోయాడు.
సరుకు చేతికొచ్చాకే కదా డబ్బు,
మీకు పోయిందేటి మేడమ్?

పోయిందేటో చెప్పడానికి
మూడు భాషల్లోనూ మాట దొరకలేదు.

పర్లాకిమిడి అంతా నాకు ఉపాయం చెప్పింది.
టీ కొట్టు దండాసి, కేసెయ్యమన్నాడు.
ఆడపడుచు నాగరత్నం, వీడియో పెట్టి ఏడవమంది.
పాతపట్నం బస్సు కండక్టరు
మా వైపు అడ్రసిచ్చుంటే
ఈపాటికి వచ్చును కదా అన్నాడు,
ఏరు దాటితే పార్సిళ్ళకి కాళ్ళొస్తాయన్నట్టు.
రిటైరైన పోస్టుమేన్ త్రినాథ్ ఒక్కడే
ఇచ్చినట్టు ఫోటో పంపారా, ఏదీ, అన్నాడు.

వేలెడంత ఫోటో.
సగం డెలివరీ కుర్రాడి బొటనవేలే.
మిగతా సగంలో నీలం తలుపు,
తిరగబడ్డ చంటి చెప్పు,
గడప మీద తెల్లటి పాదాలు.

లాగి లాగి చూశాను.
పొడి ముగ్గయితే అంచు రాలుతుంది.
ఇది తడి బియ్యప్పిండి,
వేలికొసల్తో దిద్దిన వరికంకి,
ఇంట్లోకి నడుస్తున్న లక్ష్మి.
మార్గశిర గురువారం, ఒడియా వాళ్ళ గడప.
పాతికేళ్ళుగా వాళ్ళ జాకెట్లు కుడుతున్నాను,
ఆ మాత్రం పోల్చుకోలేనా?

మళ్ళీ గురువారం దాకా ఆగి
మహేంద్రతనయ గట్టు వెంట
సాహి తర్వాత సాహి తిరిగాను.
ఊళ్ళో ఇన్ని నీలం తలుపులున్నాయని
నాకెప్పుడూ తెలీదు.
పన్నెండో తలుపు ముందు అదే చెప్పు,
ఇంకా తిరగబడే ఉంది.

ఎవరు కావాలంది చంటిదాన్నెత్తుకున్న పిల్ల.
సుభద్రనమ్మా, అని మొదలెట్టాను.
నేనే సుభద్రని, అంది.

లోపల ధాన్యం పోసిన మాణం పక్కన
నా డబ్బా. టేపు విప్పలేదు.
దాని నుదుట కుంకుమ బొట్టు.

సూరత్ మగ్గాల్లో ఉన్న పెనిమిటి
పంపాడనుకుందట.
కుర్రాడు పేరడిగితే అవునంది,
పదిహేడు వందల నలభై అడిగితే
సంఘంలో అప్పు తెచ్చి కట్టింది.
కానుక పంపి డబ్బు నిన్ను కట్టమంటాడా పిచ్చిదానా అంటే
ఫోన్లో కొన్నవన్నీ ఇంతే కాబోలనుకున్నా, అంది.
అతను ఫోనెత్తి నెలయింది.
డబ్బా మీద కుట్టు మిషను బొమ్మ ఉంది.
మిషను వెనకాల వస్తుందని
రోజూ వీధిలో ఏ బండి ఆగినా
చంటిదాన్నెత్తుకుని బయటికొస్తోంది.

చీటీ చదివి చూపించాను.
ఆమె వేలు నా ఇంటిపేరు దాటి
సుభద్ర దగ్గర ఆగింది,
కిందకి దిగలేదు.

తీసుకుపో, అంది చివరికి.
అంతలోనే నాలిక్కరుచుకుంది.
ఆజి గురుబార.
ఈ రోజు గడప దాటి గింజ కూడా పోకూడదు.
రేపు రా.

రేపు శుక్రవారం.
నా ఇంట్లోంచి రూపాయి ఎలా తీసిస్తాను?

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
ముందు తనే నవ్వింది.

దారిలో ఫోను.
మీ సమస్య తీరిందా?
తీరితే ఒకటి, తీరకపోతే రెండు.
ఏదీ నొక్కకుండా
అది దానంతటది ఊరుకునేదాకా పట్టుకున్నాను.

రాత్రి కాలితోనే రెండు జాకెట్లు పూర్తిచేశాను.
మా అటక మీద పాత చేతి మిషనొకటుంది,
అమ్మకానికని తుడిచి పెట్టింది.
శనివారం దాకా
దాని వైపు చూడకూడదనుకున్నాను.